చపాటా సంచి

జూన్ పన్నెండున బడులు తెరుస్తారు. ఆ పొద్దున తొమ్మిదింటికి హనుమకొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో భవాని లెక్కల టీచరుగా చేరాలి. ఆర్డరు కాగితం ఏప్రిల్లోనే వచ్చింది. దాన్ని ఆమె బీరువాలో పట్టుచీరల కింద పెట్టలేదు. అక్కడ పెట్టిన వస్తువు మళ్ళీ ఎవరి పెళ్ళికో గానీ బయటికి రాదు. వంటింట్లో, పోపుల డబ్బా ఉండే అరలో, రోజూ చేయి తగిలే చోట పెట్టుకుంది.

చేరే ముందు ఆమె తెంచుకోవాల్సిన ముడి ఒక్కటే. ఫోన్లో ‘జాడ’ అని ఒక యాప్ ఉంది. అందులో ‘బాధ్యులు’ అన్న గడిలో ఆమె పేరు ఉంది. ఆ పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టాలి. ఆడపడుచు కూతురు సౌమ్య డిగ్రీ పాసై ఖాళీగా ఉంది, కూర్చుంటానని ఒప్పుకుంది కూడా. రెండు నిమిషాల పని. కానీ మే నెలాఖరు నుంచి ఆ గడి మీద తాళం బొమ్మ పడింది. ఎంత నొక్కినా ఊడిరాలేదు.

అసలు ఆ పేరు అందులోకి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

భవాని అత్తవారిది మిర్చి వ్యాపారం. ఇల్లు, దుకాణం మట్టెవాడలో. సరుకు పెట్టే షెడ్డు ఎనుమాముల రోడ్డులో. మార్కెట్లోనో రైతు దగ్గరో మిర్చి కొని, తొడిమలు తీయించి, హైదరాబాదులో ఉన్న మసాలా కంపెనీకి పంపుతారు. నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళు ఆ ఒక్క కంపెనీకే పోతుంది. మామగారు వీరభద్రం మిర్చికాయను తుంచి, రెండు వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని అది ఏ మండలం నుంచి వచ్చిందో చెప్తాడు. ఇంకాస్త నలిపితే ఏ బావి కింద పండిందో కూడా చెప్తాడని గిట్టనివాళ్ళు నవ్వుతారు. నలభై ఏళ్ళు ఆ ముక్కే ఆ కొట్టుకు కాటా, కాగితం, కాపలా.

పోయిన దసరాకు ముందు కంపెనీ వాళ్ళు సరుకు పంపేవాళ్ళందరినీ హనుమకొండలో ఒక హోటలుకు పిలిచి, మెడలో కార్డులు వేసి, తెర మీద బాణాలూ డబ్బాలూ చూపించారు. ఇకనుంచి రైతు చేను నుంచి వంటింటి ప్యాకెట్టు దాకా ప్రతి బస్తా జాడ తెలియాలట. పై దేశాల వాళ్ళు అడుగుతున్నారట. ప్రతి సంచికీ ఒక స్టిక్కరు అంటించాలి, ప్రతి మెట్టు దగ్గరా ఫోనుతో ఆ స్టిక్కరును చూపించాలి. దసరా దాటాక యాప్‌లో లేని సరుకు సరుకే కాదు.

వీరభద్రం ఇంటికొచ్చి కండువా దులుపుతూ, “మిర్చికి ఆధార్ కార్డులు ఇస్తాండ్లు. ఇగ రేషన్ కార్డొక్కటే తక్కువ” అన్నాడు.

నవ్వారు గానీ, ఫారం నింపాల్సి వచ్చేసరికి నవ్వు ఆగింది. బాధ్యులు డిగ్రీ చదివినవారై ఉండాలి. భవాని భర్త రాకేష్‌కు డిగ్రీలో రెండు పేపర్లు అట్లాగే మిగిలిపోయాయి. ఆ ఇంట్లో బీఎస్సీ, బీఎడ్ చదివింది కోడలే.

“ఒక్క సీజనే అమ్మా” అన్నాడు వీరభద్రం. “నేర్చుకొని ఇంకొకలకు నేర్పు. ఆ తర్వాత నీ బడికి నువ్వు పో. నేనే దిగబెడ్త.”

ఆయన మాట తప్పే మనిషి కాదు. అందుకే ఒప్పుకుంది.

యాప్ నేర్పడానికి కంపెనీ తరఫున వచ్చిన కుర్ర ఇంజనీరు సోహెల్ ఈ ఊరివాడే. ఓపిక ఉన్నవాడు. మొదటి రోజు ఏడు మెట్లూ వరసగా చూపించాడు. కొనడం, తూకం, నిల్వ, తొడిమ తీయడం, శుభ్రం, ప్యాకింగు, లారీ. ఐదో మెట్టుకు పోబోతుంటే భవాని ఆపింది.

“తొడిమ దగ్గర ‘స్థలం’ అన్న గడిలో షెడ్డు అని ముందే పడి ఉంది. వేరే చోట తీస్తే ఏం రాయాలి?”

“వేరే చోట అంటే, మేడం?”

“ఇండ్లల్ల తీస్తే.”

సోహెల్ ఫోను కిందికి దించాడు. “మేడం, ఆ ప్రశ్న నేను వినలే” అన్నాడు మెల్లగా.

విననట్టు ఉండక తప్పదు. ఎందుకంటే షెడ్డులో ముప్పై మంది కూర్చుంటే ఊపిరాడదు. పని చేసేవాళ్ళు ఎనభై మంది. అండర్ బ్రిడ్జి అవతల మొగిలమ్మ వాళ్ళ గల్లీలో ఇంటింటికీ మిర్చి బస్తాలు పోతాయి. ఆడవాళ్ళు వంట చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ, మంచాన పడ్డ ముసలివాళ్ళకు గంజి తాగిస్తూ తొడిమలు తీసి, మర్నాడు బస్తాలు తిరిగి పంపుతారు. మొగిలమ్మ వాళ్ళందరికీ పెద్ద. ఎవరింటికి ఎన్ని బస్తాలు పోయాయో, ఎన్ని తిరిగొచ్చాయో ఆమె నోటికి ఉంటుంది. వీరభద్రం తండ్రి కాలం నుంచీ పని అట్లాగే నడుస్తోంది. కంపెనీ రూలు ప్రకారం మాత్రం సరుకు షెడ్డు గడప దాటకూడదు.

అందుకని కంపెనీ వాళ్ళు తనిఖీకి వచ్చిన రోజు ముప్పై మంది ఆడవాళ్ళను షెడ్డుకు తెచ్చి, తలలకు తెల్లటి బట్ట టోపీలు తొడిగించి, వరసగా కూర్చోబెట్టారు. మొగిలమ్మ టోపీ సర్దుకుంటూ పక్కామెతో అన్న మాట షెడ్డంతా వినబడింది. “చూడు లచ్చవ్వా, టోపీ మనం పెట్టుకున్నమా, మనమే వాళ్ళకు పెడ్తాన్నమా?”

తనిఖీ ఆఫీసరుకు తెలుగు రాదు. ఆడవాళ్ళందరూ నవ్వుతుంటే, వీళ్ళు పనిలో సంతోషంగా ఉన్నారని రాసుకున్నాడు.

భవాని నవ్వలేకపోయింది. ఆ రోజు మొదలు ప్రతి బస్తాకూ ‘స్థలం: షెడ్డు’ అన్న అబద్ధం కింద ఆమె పేరు పడుతూ వచ్చింది. సంతకంలా కూడా కాదు, ముఖంలా. ఫోను ముందు నిలబడితే అది ఆమె ముఖం చూసి పచ్చటి టిక్కు పెట్టేది.

సీజను సాఫీగానే సాగింది. మే ముప్పైన వచ్చింది ఆ మెసేజి.

పదిహేడో నంబరు లాటులోంచి తీసిన నమూనాలో పురుగుమందు ఆనవాళ్ళు హద్దు దాటి ఉన్నాయి. లాటు: చపాటా మిర్చి. రైతు: ఉప్పలయ్య, తొర్రూరు. ఫిర్యాదుకు జవాబు జూన్ పదో తారీఖు సాయంత్రం ఐదింటిలోపు ఇవ్వాలి. ఫిర్యాదు తేలేదాకా రైతు పేరు పక్కన ఎర్ర చుక్క ఉంటుంది, బాధ్యుల పేరు మార్చడం కుదరదు.

భవాని సోహెల్‌కు ఫోను చేసింది. ఈ ఎనిమిది నెలల్లో అతను మేడం నుంచి అక్కాకు వచ్చాడు.

“జవాబు దగ్గర నాలుగు కారణాలు ఉన్నయి సోహెల్. రైతు దగ్గర లోపం, నిల్వలో లోపం, రవాణాలో లోపం, షెడ్డులో పర్యవేక్షణ లోపం. నడుమ రెండూ బూడిద రంగుల ఉన్నయి. నొక్కితే నొక్కుడు పడ్తలేదు.”

“పడదక్కా. కోల్డ్ స్టోరేజి చల్లదనం, లారీ తొవ్వ, మిషన్లే రాసుకుంటయి. రెండూ మంచిగనే ఉన్నయని సిస్టమే ఆపేసింది. మీకు మిగిలింది మొదటిది, ఆఖరుది.”

“మొదటిది కొడితే?”

“ఫిర్యాదు అప్పుడే బందయితది. తాళం పోతది, పేరు మార్చుకోవచ్చు. రైతును రెండేండ్లు పక్కకు పెడ్తరు.”

“రైతు జవాబు చెప్పుకునే గడి ఎక్కడుంది?”

“రైతుకు లాగిన్ లేదక్కా.”

“ఆఖరుది కొడితే?”

“దిద్దుబాటు అని ఆరు నెలలు పడ్తది. బాధ్యులు మారొద్దు. రోజూ మూడుసార్లు షెడ్డుల నుంచే ముఖం చూపెట్టాలె. షెడ్డు దాటి యాభై మీటర్లు పోతే తీసుకోదు.” తర్వాత తనే అన్నాడు, “మీ బడి పన్నెండుకు గద అక్కా. చాలామంది మొదటిదే కొడ్తరు.”

చాలామంది కొట్టే మీట మీదికి భవాని వేలు కూడా పోయేదే. ఉప్పలయ్య మందు ఎక్కువ కొట్టాడేమో, ఎవరు చూడొచ్చారు? కానీ ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. లెక్క తప్పు అన్నప్పుడు జవాబు ఒక్కటే చూసి ఊరుకోదు, పై నుంచి ప్రతి వరసా చూసుకుంటూ వస్తుంది. కంపెనీ పంపిన రిపోర్టు నాలుగు పేజీలు. అందరూ చూసేది ఎర్ర అక్షరాలున్న మొదటి పేజీ. భవాని మూడో పేజీ దాకా పోయింది. అక్కడ రంగు, తేమ, ఘాటు అని మామూలు నల్ల అక్షరాల్లో అంకెలు ఉన్నాయి.

ఘాటు దగ్గర ఆమె ఆగింది.

చపాటా లావుగా, బుడ్డగా, టమాటా తోబుట్టువులా ఉండే కాయ. చూడటానికి రంగు, తినడానికి కమ్మదనం. దాంట్లో కారం పేరుకే. రిపోర్టులో ఉన్న ఘాటు చపాటాకు రావాల్సినదానికి పదింతల పైనే ఉంది. అంత ఘాటు ఉండేది తేజ రకానికి. సన్నగా, పొడుగ్గా, పది అడుగుల దూరం నుంచే తుమ్ము తెప్పించే తేజ. అది ఎనుమాముల మార్కెట్లో వేలంపాటలో కొన్న సరుకు. ఎవరెవరో పండించింది.

అంటే పదిహేడో నంబరు లాటు సంచిలో ఉన్నది ఉప్పలయ్య మిర్చి కాదు.

నమూనా తీసిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. ఏప్రిల్ ఆఖరు వారం. కంపెనీ అబ్బాయి చేతులకు పల్చటి తొడుగులు వేసుకుని, సంచి మీది స్టిక్కరుకు ఫోను చూపించి, లోపలినుంచి రెండు గుప్పిళ్ళు తీసి కవరులో వేసి సీలు చేశాడు. స్టిక్కరు చూశాడు తప్ప గుప్పిట్లో ఉన్నదేంటో చూడలేదు. పుట్టినప్పటి నుంచి కారం ప్యాకెట్లోనే చూసినవాడు. అప్పుడు పక్కన నిలబడి చూడాల్సిన మనిషి భవాని. బళ్ళోంచి ఫోను వస్తే గేటు దాకా పోయి, ఇటు వీపు పెట్టి మాట్లాడుతోంది. “చేరతారా మేడం, ఖాయమేనా?” అని హెడ్‌మాస్టరు అడుగుతున్నాడు. “ఖాయమండీ” అని ఆమె రెండుసార్లు చెప్పింది. తిరిగొచ్చేసరికి సీలు పడింది. ఫోను ముందు ముఖం పెట్టింది. పచ్చ టిక్కు.

మర్నాడు పొద్దున భవాని స్కూటరు మీద అండర్ బ్రిడ్జి దాటి మొగిలమ్మ గల్లీకి పోయింది.

వేపచెట్టు కింద నలుగురు ముక్కులకు కొంగులు కట్టుకుని తేజ తొడిమలు తీస్తున్నారు. గడప లోపల చల్లగా ఉన్న చోట ఇద్దరు ముసలివాళ్ళు, ఒక బాలింత చపాటా ముందేసుకుని కూర్చున్నారు. కళ్ళు మండవు గనక ఆ కాయ వాళ్ళకు వదిలేస్తారు. ఖాళీ అయిన గోనె సంచులు వాకిట్లో పరిచి ఉన్నాయి. కొన్ని కూర్చోవడానికి, కొన్ని ఎండకు అడ్డంగా. ఒక చంటివాడు స్టిక్కరున్న సంచి మీద బోర్లా పడి నిద్రపోతున్నాడు.

భవానికి అంతా అక్కడే తెలిసిపోయింది. అయినా అడిగింది.

“మొగిలమ్మా, తొడిమ తీసినంక కాయను మళ్ళ అదే సంచిల పోస్తరా?”

“ఏ సంచి ఖాళీగుంటె దాంట్ల పోస్తం. ఏమాయె?”

“సంచి మారితే ఎట్లా?”

“సంచికి ఏం మార్పు బిడ్డా? ఇరవై ఒస్తె ఇరవై ఇచ్చిన. ఒక్కటి తక్కువైందా? ఒక్క కాయ నేల పాలైందా? పెద్ద సేటును అడుగు, ముప్పై ఏండ్ల నుంచి మొగిలమ్మ లెక్క ఎన్నడన్న తప్పిందా?”

తప్పలేదు. కంపెనీ లెక్కలో సంచే మిర్చి. మొగిలమ్మ లెక్కలో సంచి సంచే, మిర్చి మిర్చే. రెండు లెక్కలూ సరిగ్గానే ఉన్నాయి. వాటి మధ్యలో ఉప్పలయ్య పడ్డాడు.

మొగిలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. “ఏమన్న లొల్లి అయిందా? మమ్ముల షెడ్డుకు రమ్మంటాండ్లా?”

“ఎవరూ అనలే.”

“అనకుండ్రి బిడ్డా. నేనంటె వస్త. గీ బాలింత ఎట్ల వస్తది? మా అత్త మంచంల ఉన్నది, గంటకోసారి పక్కకు మర్లేయాలె. షెడ్డంటె గీ గల్లీల సగం పొయ్యిలు ఆరిపోతయి. గా టోపీ నాటకం ఏడాదికోసారి ఆడుమంటె ఆడ్తం.”

భవాని టీ తాగకుండా లేస్తే, “సేటుల కోడలు మా ఇంట్ల చాయ్ తాగదా?” అని దెప్పింది. కూర్చుని తాగింది.

ఇంటికొచ్చి మధ్యాహ్నం భోజనాల దగ్గర అంతా చెప్పింది. అత్తగారు కమల పచ్చడి జాడీ మూత తీస్తూ ఆగిపోయింది. వీరభద్రం మాత్రం తలెత్తకుండా అన్నం కలుపుతూ, “నాకెర్కనే” అన్నాడు.

“ఏది మామయ్యా?”

“గా సంచిల తేజ ఉన్నదని. మూతి ఇప్పంగనే వాసన కొట్టింది. గాల్లనే దొరికిపోయింది.”

“మరి ఆ పిల్లగాడు నమూనా తీసేటప్పుడు ఎందుకు చెప్పలేదు?”

“నన్నెవలు అడిగిండ్లు అమ్మా?” వీరభద్రం ఇప్పుడు తలెత్తాడు. “స్టిక్కర్‌ను అడిగిండ్లు. స్టిక్కర్ చెప్పింది.”

ఆ మాటలో వెటకారం కంటే దెబ్బ ఎక్కువ ఉంది. నలభై ఏళ్ళ ముక్కును పక్కన పెట్టి రెండు అంగుళాల కాగితాన్ని అడిగారు. ఆయన పంతానికి నోరు మూసుకున్నాడు. ఆ మౌనం ఎక్కడిదాకా పోయిందో ఆయనకూ ఇప్పుడే తెలుస్తోంది.

“ఇండ్లల్ల తీస్తున్నమని కంపెనీకి చెప్తే?” అంది భవాని.

“మన సరుకు బంద్. మొగిలమ్మ గల్లీ బంద్” అన్నాడు రాకేష్. “నిజం రాయడానికి దాంట్ల గడి కూడ లేదు, నువ్వే చెప్తివి గద.”

“అయితే ఉప్పలయ్య?”

కమల జాడీలోంచి గరిటెతో పచ్చడి తీసి వడ్డించబోయి, చేయి వెనక్కి తీసుకుంది. అది చపాటా పండుమిర్చి పచ్చడి. ఏటా మొదటి కోతలో ఏరిన కాయను ఉప్పలయ్య బుట్టెడు తెచ్చి వాకిట్లో పెట్టి పోతాడు. అడగకముందే తెస్తాడు.

“ఉప్పలయ్య ఒక్కడు, గల్లీ ఎనభై మంది” అన్నాడు వీరభద్రం చివరికి. “రైతు అని కొట్టు బిడ్డా. ఆయనకు ఇంకొక తీరుగ నేను చూస్త. నీకు మాటిచ్చిన, పన్నెండు నాడు బడికి పోవాలె. నా మాట నిలబెట్టనియ్యి.”

భవాని భర్త వంక చూసింది. రాకేష్ కంచంలో గీతలు గీస్తూ, “నీ ఇష్టం” అన్నాడు.

పెళ్ళైన తొమ్మిదేళ్ళలో ఆ మాట అతని నోటి నుంచి ఆమె కోరుకున్నప్పుడు ఎన్నడూ రాలేదు.

తొమ్మిదో తారీఖు పదకొండింటికి ఉప్పలయ్య దుకాణానికి వచ్చాడు. వీరభద్రం, రాకేష్ మార్కెట్లో ఉన్నారు. భవాని ఒక్కతే కౌంటరు దగ్గర ఉంది. ఆయన భుజం మీద ఒక ప్లాస్టిక్ సంచి, నడుస్తుంటే గలగలమంటోంది. చెప్పులు విడిచి, మెట్టు మీద కూర్చుని, ముందు ఫోనులో తీయించుకొచ్చిన ఫోటో చూపించాడు.

“గీ ఎర్ర చుక్క ఏంది బిడ్డా? మా ఊర్ల కంపెనీ విత్తనాలు ఇచ్చేకాడికి పోతె, నీ పేరు మీద ఎర్ర చుక్క ఉన్నది, నీకు ఇయ్యరాదన్నడు. నేనేం దొంగతనం చేసిన్నా?”

“కూసోండి పెద్దయ్యా, మంచినీళ్ళు తెస్తా.”

“నీళ్ళు తర్వాత. ముందుగాల ఇవి చూడు.”

సంచి విప్పి మెట్టు మీద ఒక్కొక్కటే పెట్టాడు. ఖాళీ పురుగుమందు సీసాలు, డబ్బాలు. ఏడాదంతా కొట్టినవి. మూతలు బిగించి, మట్టి తుడిచి తెచ్చాడు. పెద్దవి వెనక, చిన్నవి ముందు, బడిలో పిల్లల్ని నిలబెట్టినట్టు నిలబెట్టాడు. “కంపెనీ సారు ఇవే కొట్టుమన్నడు, ఇన్నే కొట్టిన. పక్క చేనోడు నాలుగింతలు కొట్టిండు. పురుగు వాని చేను ఇడిచి నా చేనుకొచ్చింది. అయినా కొట్టలే. మాటిచ్చిన గద. ఇంకొక సీసా ఉన్నదంటే ఎవలన్న ఒచ్చి నా ఇల్లు దేవులాడుకోమను.”

భవాని సీసాలను లెక్కపెట్టలేదు. లెక్కపెడితే నమ్మనట్టుంటుంది.

“ఆరుద్ర కార్తె లోపల నారు పొయ్యాలె” అన్నాడు ఆయన. “ఇప్పుడు విత్తనం రాకపోతె ఈ ఏడు పోయినట్టే. నువ్వు సదువుకున్నదానివి. దాంట్ల నాలుగు అక్షరాలు రాయి బిడ్డా, ఉప్పలయ్య గసుంటోడు కాదని.”

“రాస్తా” అంది. ఆ మాట ఆమెకు తెలియకుండానే వచ్చింది.

ఆయన సీసాలు మళ్ళీ సంచిలో వేసుకున్నాడు. “ఇంకెవలన్న అడుగుతరేమో, ఇంట్లనే పెడ్త” అన్నాడు.

పదో తారీఖు నాలుగున్నరకు భవాని షెడ్డులో, కాటా పక్కనున్న టేబుల్ దగ్గర కూర్చుంది. రేకుల కప్పు కింద గాలి కదలడం లేదు. ఆ మధ్యాహ్నమే దించిన తేజ ఘాటు గదంతా పట్టింది. ముక్కుకూ నోటికీ చున్నీ చుట్టుకుంది. నాలుగు కారణాలూ తెర మీద ఉన్నాయి. రెండు బూడిద రంగులో, రెండు నల్లగా.

మొదటిది నొక్కితే పన్నెండున బడి. ఎనిమిదో తరగతి, సెక్షను బి. హెడ్‌మాస్టరు టైంటేబుల్ కూడా పంపాడు. రోజూ మొదటి పీరియడు లెక్కలు.

ఆఖరుది నొక్కితే అది పూర్తి నిజం కాదు. పూర్తి అబద్ధమూ కాదు. పక్కన నిలబడి చూడాల్సిన మనిషి చూడలేదు. గేటు దగ్గర వీపు పెట్టి ‘ఖాయమండీ’ అంటోంది. ఆ ఒక్క ముక్క ఆమెదే. ఇండ్లల్లో తీసే తొడిమల గురించి రాసే గడి లేదు, ఘాటు గురించి రాసే గడి లేదు, వీరభద్రం ముక్కు గురించి రాసే గడి లేదు. ఉన్న గడుల్లో ఎవరినీ కొట్టకుండా నొక్కగలిగింది అదొక్కటే. కొడితే తననే కొడుతుంది.

‘షెడ్డులో పర్యవేక్షణ లోపం’ మీద వేలు పెట్టింది. మూడో పేజీలో ఘాటు అంకె చుట్టూ గుండ్రంగా గీసిన ఫోటో జత చేసింది. సంచులు షెడ్డులోనే మారాయని, రైతుకు సంబంధం లేదని కింద రెండు వరసలు రాసింది.

ముఖం చూపించమంది ఫోను. చూపించింది. గుర్తుపట్టలేదు. చున్నీ తీయాలి. తీసింది. ఘాటు ఒక్కసారిగా కొట్టింది. తుమ్ములు వచ్చాయి, కళ్ళు నీళ్ళయ్యాయి. ‘నేరుగా చూడండి. కన్ను ఆర్పకండి’ అని వచ్చింది తెర మీద. రెండుసార్లు కాదంది. మూడోసారి భవాని రెండు చేతులతో ఫోను పట్టుకుని, మండుతున్న కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి చూసింది.

పచ్చ టిక్కు. ఉప్పలయ్య పేరు పక్కన ఎర్ర చుక్క పోయింది. బాధ్యుల గడి మీది తాళం మాత్రం పోలేదు. దాని కింద కొత్తగా ఒక అంకె వచ్చింది. 180.

గుమ్మం దగ్గర ఎవరో కదిలినట్టయింది. వీరభద్రం. ఎప్పుడొచ్చాడో, తుమ్ములు విని నిలబడిపోయాడు.

“ఏది కొట్టినవ్?”

చెప్పింది.

ఆయన తెరిచి ఉన్న ఒక సంచి దగ్గరికి పోయి కాయ తీసి, అలవాటు చొప్పున వేళ్ళ మధ్య పెట్టుకుని, నలపకుండానే మళ్ళీ సంచిలో వేశాడు. “నా మాట పోగొట్టినవ్ గదమ్మా” అన్నాడు. కోపంగా కాదు.

“ఆరు నెలలే కదా మామయ్యా.”

అనేసరికే ఆమె మనసు లెక్క వేసేసింది. జూన్ పది నుంచి నూట ఎనభై రోజులు. డిసెంబరు ఏడు. బళ్ళో సగం ఏడాది అయిపోతుంది, ఆ పిల్లలకు ఇంకెవరో లెక్కలు చెప్తుంటారు. జనవరి నుంచి షెడ్డులో కొత్త మిర్చి దిగుతుంది.

ఆ సాయంత్రమే హెడ్‌మాస్టరుకు ఫోను చేసింది. ఆయన మర్యాదస్తుడు. “వచ్చే ఏడు చూద్దాం మేడం” అన్నాడు. సెక్షను బి అని మళ్ళీ అనలేదు.

తర్వాత రోజే మొగిలమ్మ గల్లీకి పోయి, సంచి సంచికీ స్టిక్కరు పక్కన రంగు గుడ్డపేలిక కుట్టించింది. చపాటాకు పచ్చ, తేజకు నల్ల. పచ్చ పేలిక ఉన్నదాంట్లో పచ్చ పేలిక కాయే పడాలి. మొగిలమ్మ సూది నోట్లో పెట్టుకుని, “ముందుగాలే చెప్తె అయిపోతుండె గద. స్టిక్కర్ సదవరాదు గని, పేలిక సదవరాదా మాకు?” అంది. అవును. ఎనిమిది నెలల్లో ఆ మాట ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. భవాని కూడా.

పన్నెండున పొద్దున తొమ్మిదింటికి ఆమె షెడ్డులో ఉంది. రోడ్డు మీద బడి బస్సు పోతుంటే తలెత్తలేదు. బస్సులకు రంగులుంటాయి, పేర్లుంటాయి. చూస్తే చదవాల్సి వస్తుంది.

ఫోను మోగింది. ఉప్పలయ్య.

“బిడ్డా, ఎర్ర చుక్క పోయింది! విత్తనం ఇచ్చిండ్లు. పొద్దుగాల పోంగనే ఇచ్చిండ్లు. ఎవలో ఆఫీసరు మంచోడున్నట్టున్నడు పైన, నా సీసాల సంగతి ఆయనకు చెప్పినవా?”

“చెప్పిన పెద్దయ్యా.”

“ఆయన పేరేందో కనుక్కో. కొత్త కాయ రాంగనే ఆయనకు సుత ఒక బుట్ట పంపుత. మీ ఇంటికి ఎట్లాగూ తెస్త.”

“కనుక్కుంటా” అంది భవాని.

“నీ బడి ఎట్లున్నది? ఇయ్యాల్నే అన్నడు గద సేటు?”

ఆమె జవాబు చెప్పేలోపు చేతిలో ఫోను వణికింది. మాట మధ్యలోనే తెర మీద తెల్లటి చదరం తెరుచుకుంది. ఈ రోజు మొదటి హాజరు. ముఖం చూపించండి. పక్కన అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. యాభై తొమ్మిది, యాభై ఎనిమిది.

“మళ్ళ చేస్తా పెద్దయ్యా” అని పెట్టేసి, చున్నీ విప్పి, కళ్ళు తుడుచుకుని, నేరుగా చూసింది.